అడవిని కాచే పడవలు

కంబోడియాలోని అంగ్‌కోర్ ఆలయాలకు గంట ప్రయాణ దూరంలో, టోన్లే సాప్ సరస్సు ఒడ్డున ఒక ఊరుంది. ఏడాదిలో సగం నేల మీద, సగం నీటి మీద బతికే ఊరు. పేరు కంపోంగ్ ఫ్లుక్. చుట్టూ ఉన్న అడవిని కాపాడుకుంటూ, దాన్ని చూడవచ్చిన వాళ్ల వల్ల నాలుగు డబ్బులు సంపాదించుకుంటూ నిలబడ్డ జాలరుల కథ ఇది. పర్యటకం ఎవరి చేతిలో ఉంటే ఊరు బాగుపడుతుందో చెప్పే కథ కూడా.

ఏప్రిల్ నెలలో కంపోంగ్ ఫ్లుక్ వీధిలో నిలబడి ఇంటి గడప చూడాలంటే మెడ వెనక్కి వంచాలి. రెండంతస్తుల మేడంత ఎత్తున గుంజలు, వాటి మీద చెక్క ఇల్లు, నేల నుంచి గడప దాకా నిటారుగా నిచ్చెన మెట్లు. ఇంటి కింది నీడలో రెండు గుంజల మధ్య ఊయల కట్టుకుని పెద్దవాళ్లు కునుకు తీస్తుంటారు. పక్కనే పడవలను ఒడ్డుకు లాగి, బోర్లించి, అతుకులు సరిచేసుకుంటారు. వీధి మధ్యలో పట్టాలు పరిచి, ఉడకబెట్టిన చిన్న రొయ్యలను ఆరబోస్తారు. ఆడవాళ్లు ఎండలో తలగుడ్డ చుట్టుకుని వాటిని అటూ ఇటూ తిరగేస్తుంటారు. గలగలమనేదాకా ఎండాక బాది, పొట్టు చెరిగితే రొయ్యపప్పు. కాకినాడ, మచిలీపట్నం వైపు పుట్టినవాళ్లకు ఆ వాసన కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

అక్టోబరులో వస్తే ఆ వీధి ఉండదు. నిచ్చెన మెట్లలో పైవి కొన్ని మాత్రమే నీళ్లలోంచి కనిపిస్తాయి. పడవను ఆ మెట్టుకే కట్టేస్తారు. బడికి పోయే పిల్లలు పడవెక్కుతారు. కూరగాయలు, మంచినీళ్ల డబ్బాలు, వంటచెరకు అన్నీ పడవ మీదే గుమ్మం ముందుకొస్తాయి. పందులు, కోళ్లు తేలే దొడ్లలోకి మారతాయి. ఏప్రిల్‌లో ఊయల కట్టిన చోట ఇప్పుడు చేపలు తిరుగుతుంటాయి.

సియెమ్ రీప్ పట్నానికి ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ప్రాసాత్ బాకోంగ్ జిల్లాలో ఉందీ ఊరు. మూడు పల్లెలు కలిసిన ఒక పంచాయతీ లాంటిది. జనాభా మూడు వేల పైచిలుకు. దాదాపు అందరూ దేశంలోని ప్రధాన జాతి అయిన ఖ్మేర్లు. అందరి బతుకూ చేపే.

నది వెనక్కి తిరిగే చోటు

ఇంత ఎత్తు గుంజలు ఎందుకో తెలియాలంటే టోన్లే సాప్ పోకడ తెలియాలి. ఆగ్నేయాసియాలో అతిపెద్ద మంచినీటి సరస్సు ఇది. దీన్నుంచి బయలుదేరిన నది, పేరు కూడా టోన్లే సాపే, రాజధాని ఫ్నామ్ పెన్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. వానాకాలం వచ్చి, ఎగువన వానలు, టిబెట్ మంచు నీళ్లు కలిసి మెకాంగ్ పొంగితే, ఆ నీటి మట్టం సరస్సు కంటే ఎత్తుకు లేస్తుంది. అప్పుడు ఈ నది పారే దిక్కు మార్చుకుంటుంది. సరస్సు నుంచి మెకాంగ్‌కు పోవాల్సిన నీరు మెకాంగ్ నుంచి సరస్సుకు ఎదురెక్కుతుంది.

ఎండాకాలంలో సరస్సు విస్తీర్ణం సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు, లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. పొంగు ముదిరాక అదే సరస్సు 10,000 నుంచి 15,000 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటుంది. లోతు తొమ్మిది మీటర్ల దాకా పోతుంది. అక్టోబరు, నవంబరుల్లో మెకాంగ్ తగ్గగానే నది మళ్లీ తన దారిన కిందికి పారుతుంది. ఆ మలుపునే ఖ్మేర్లు బోన్ ఓమ్ తూక్ పేరుతో నీటి పండుగగా చేసుకుంటారు. మనకు కార్తీక పౌర్ణమి వచ్చే రోజుల్లోనే అక్కడ పొడుగాటి పడవల పందేలు సాగుతాయి.

ఆ వరద నీటితోనే చేప పిల్లలు, గుడ్లు సరస్సులోకి కొట్టుకొస్తాయి. నీరు తగ్గుముఖం పట్టాక పెరిగిన చేపలు గుంపులు గుంపులుగా నదిలోకి దిగుతాయి. ఈ రాకపోకల మీదే దేశం తిండి ఆధారపడింది. చిన్న చేపలను ఉప్పుతో ఊరబెట్టి చేసే ప్రహోక్ లేనిదే ఖ్మేరు ఇంట ముద్ద దిగదు. తెలంగాణ రాష్ట్ర చేపగా గౌరవం పొందిన కొరమేను ఇక్కడి జాలర్లకూ మంచి ధర తెచ్చే చేపే.

అంగ్‌కోర్ మహానగరానికి అన్నం పెట్టింది కూడా ఈ సరస్సే. ఏడో జయవర్మ కట్టించిన బయోన్ ఆలయం గోడల మీద పొరుగు రాజ్యపు చామ్ సైన్యంతో జరిగిన పడవల యుద్ధం చెక్కి ఉంది. ఆ పడవల కింద రకరకాల చేపలు, మొసళ్లు. కింది వరుసలో చేపలు అమ్మే ఆడవాళ్లు, వంట చేసేవాళ్లు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ శిల్పి యుద్ధంతో పాటు ఊరి తిండినీ చెక్కాడు. గుడి గోడ మీద ఆ చేపలను చూసిన మన యాత్రికులు, అవి ఈదే నీళ్ల దాకా వెళ్లింది మాత్రం తక్కువే.

ఊరికి గోడ ఆ అడవే

కంపోంగ్ ఫ్లుక్ ముందు, సరస్సుకూ ఊరికీ మధ్య, దట్టమైన అడవి ఉంది. సముద్రం పక్కన పెరిగే మడ అడవిలా కనిపించినా ఇది మంచినీటి అడవి. ఏడాదిలో ఆరేడు నెలలు మొదళ్లు, చాలాసార్లు కొమ్మలు సహా నీళ్లలో మునిగి ఉంటుంది. మన ఆయుర్వేదంలో సముద్రఫలంగా పేరున్న చెట్టు, బీడీ ఆకులిచ్చే తునికి జాతికి చెందిన మరో చెట్టు ఇక్కడ ఎక్కువ. మునిగినప్పుడు ఆకు రాలుస్తాయి, నీరు దిగగానే మళ్లీ చిగురిస్తాయి.

ఈ అడవి ఊరికి మూడు పనులు చేస్తుంది. ఒకటి, గాలివానకు సరస్సులో లేచే అలలను అడ్డుకుంటుంది. అడవి లేకపోతే ఆ అలల దెబ్బకు గుంజలు కదిలిపోతాయి. రెండు, చేపలు గుడ్లు పెట్టడానికి, పిల్లలు దాక్కుని పెరగడానికి చోటిస్తుంది. రాలిన ఆకు, కాయ, పురుగు అన్నీ చేపలకు మేతే. మూడు, వంటచెరకు, వలలకు గడలు, తేనె ఇస్తుంది. చెట్టు కొట్టి దుంగలమ్మితే ఒక్కసారి డబ్బు. చెట్టుంటే ఏటా చేప. ఈ లెక్క కంపోంగ్ ఫ్లుక్ పెద్దలకు ఏ ప్రాజెక్టూ రాకముందే తెలుసు. నరికిన చోట అలలు పెరిగి, చేప తగ్గడం కళ్లారా చూసి, ఊరే కట్టుబాటు పెట్టుకుని దశాబ్దాలుగా అడవిని కాచుకుంటూ వచ్చింది.

1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలన సాగినప్పుడు ఈ కట్టుబాట్లన్నీ చెదిరాయి. దేశమంతటా జనాన్ని ఊళ్ల నుంచి తరిమి వరి పొలాల్లో చాకిరీకి తోలారు. సరస్సు మీద బతికే జాలరి కుటుంబాలకూ అదే గతి. ఆ చీకటి నుంచి తిరిగొచ్చినవాళ్లు ఇళ్లతో పాటు ఊరి కట్టుబాట్లనూ మళ్లీ మొదటి నుంచి నిలబెట్టుకున్నారు. 1990ల మధ్య నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సియెమ్ రీప్‌లో ఒక ప్రాజెక్టు నడిపింది. అడవినీ చేపల రేవులనూ ఊళ్ల చేతికే ఇచ్చి చూసుకోమనడం దాని పద్ధతి. కంపోంగ్ ఫ్లుక్ లాంటి ఊళ్ల పాత తెలివికి అలా కాగితం మీద గుర్తింపు దొరికింది.

వేలంపాట పోయి, ఊరి హక్కు వచ్చి

ఆ గుర్తింపు తేలిగ్గా రాలేదు. ఫ్రెంచి వాళ్ల పాలన నుంచి టోన్లే సాప్‌ను లాట్లుగా విడగొట్టి వేలం వేసేవారు. పాట పాడుకున్న గుత్తేదారు మైళ్ల కొద్దీ వెదురు తడికెలు కట్టి, తుపాకీ కాపలా పెట్టి, లాటులోని చేపనంతా తోడుకునేవాడు. తరతరాలుగా అక్కడే ఉన్న జాలరి తన ఇంటి ముందు వల వేస్తే దొంగ అయ్యేవాడు. గొడవలు ముదిరాయి. 2000 సంవత్సరంలో అప్పటి ప్రధాని హున్ సేన్ లాట్ల విస్తీర్ణంలో సగానికి పైగా రద్దు చేసి ఊళ్లకు వదిలారు. 2005లో ఊరుమ్మడి చేపల సంఘాలకు నిబంధనలు, 2006లో చేపల చట్టం వచ్చాయి. 2012లో టోన్లే సాప్‌లో మిగిలిన లాట్లూ పోయాయి.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. గుత్తేదారు పోయాడు సరే, కాపలా ఎవరు కాయాలి? రాత్రిళ్లు కరెంటు పెట్టి చేపలు పట్టేవాళ్లను, దోమతెరంత సన్న కన్ను వలలు వేసేవాళ్లను, అడవికి నిప్పు పెట్టి చదును చేసేవాళ్లను ఎదుర్కోవాలంటే పడవ కావాలి, డీజిలు కావాలి, రాత్రంతా మేలుకున్న మనిషికి తెల్లారి ఇంట్లో అన్నం ఉండాలి. చట్టం హక్కు ఇచ్చింది, ఖర్చు ఇవ్వలేదు. ఆ ఖర్చుకు దొరికిన దారుల్లో ఒకటి పర్యటకం.

తెడ్డు పట్టిన ఆడవాళ్లు

కంపోంగ్ ఫ్లుక్ చూడవచ్చిన వాళ్లు రేవులో టికెట్టు కొని మోటారు పడవెక్కుతారు. పడవ ఊరి మధ్య నుంచి పోతుంది. రెండు వైపులా గుంజల మీద ఇళ్లు, బడి, ఎత్తయిన చోట బౌద్ధ విహారం. ఊరు దాటగానే అడవి అంచున మోటారు ఆగిపోతుంది. అక్కణ్నుంచి చిన్న తెడ్డు పడవలు.

ఆ పడవల మీద ఎక్కువగా ఉండేది ఆడవాళ్లే. వెదురు టోపీ, మెడకు గళ్ల తువ్వాలు. ఆ తువ్వాలును క్రామా అంటారు. ఎండకు తలపాగా, చంటిబిడ్డకు ఊయల, చెమటకు తుండుగుడ్డ అన్నీ అదే. పడవ ముందు భాగంలో మఠం వేసుకుని కూర్చుని, ఒంటి తెడ్డుతో, కొమ్మ తగలకుండా, చెట్ల సందుల్లోంచి పడవను తిప్పుతారు. మోటారు చప్పుడు లేదు కాబట్టి పిట్ట అరుపు, చేప ఎగిరిన చప్పుడు వినిపిస్తాయి. ఇరుకైన చోట ఎదురు పడవ వస్తే తెడ్డు చెట్టుకు ఆనించి ఒక్క నెట్టు. రెండు పడవలూ ఒరుసుకోకుండా తప్పుకుంటాయి. చిన్నప్పటి నుంచి వల దగ్గర నేర్చిన చెయ్యి అది.

ఈ పడవలకు వంతుల పద్ధతి ఉంటుంది. ఎవరి వంతు వస్తే వాళ్ల పడవే కదలాలి. గట్టిగా పిలిచేవాడికి, ఇంగ్లిషు వచ్చినవాడికి మాత్రమే బేరం దొరికే పద్ధతి కాదిది. మగవాళ్లు వేటకు పోయినా, చేపలు పడని నెలలైనా, ఇంట్లో ఒక చెయ్యికి రోజు కూలి దొరుకుతుంది. భర్త చేతికి వచ్చే వేట డబ్బు అప్పులకు పోతే, భార్య చేతికి వచ్చే ఈ డబ్బు పిల్లల బడికి, మందులకు పోతుంది.

అంతకంటే పెద్ద మార్పు మరోటి ఉంది. అడవిలో చెట్టుంటేనే పడవ బేరం. చెట్టు కొట్టేస్తే చూడటానికి ఎవరూ రారు. అందుకే అడవిని కాయడం ఇప్పుడు కాపలా కమిటీ ఒక్కదాని పని కాదు, తెడ్డు పట్టిన ప్రతి ఇంటి పని. ఊరుమ్మడి పర్యటకం సాధించిన అసలు ఫలితం ఇదే.

గుడ్లు దోచిన చేతులే కాపలా కాస్తే

సరస్సు వాయవ్య మూలన ప్రెక్ తోల్ ఉంది. 1997లో యునెస్కో టోన్లే సాప్‌ను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు మూడు కీలక ప్రాంతాలను గుర్తించారు. వాటిలో ఒకటి ఈ 21 వేల హెక్టార్ల మునిగే అడవి. గూడబాతులు, రంగుల కొంగలు, పాములా మెడ చాచే నీటి పక్షులు వేల సంఖ్యలో ఇక్కడ గూళ్లు కడతాయి. మన దేశంలో అసోం, బిహార్‌లలో మాత్రమే గూడు కట్టే బోడితల పెద్ద కొంగకు ఆగ్నేయాసియాలో పెద్ద ఆసరా ఇదే.

ఇరవై అయిదేళ్ల కిందట ఈ గూళ్లు బోసిపోతూ వచ్చాయి. ఊరివాళ్లు చెట్లెక్కి గుడ్లు, పిల్లలు బుట్టల్లో నింపుకుని అమ్మేవారు. గుడ్డు అమ్మితే పూట గడిచేది. పక్షులు తరిగిపోతాయన్న సంగతి వాళ్లకూ తెలుసు, కానీ పూట ముందు. వన్యప్రాణి సంరక్షణ సంఘం, కంబోడియా పర్యావరణ శాఖ కలిసి ఒక ఉపాయం చేశాయి. ఏ చెట్టు మీద ఏ పక్షి ఎప్పుడు గుడ్డు పెడుతుందో అందరికంటే బాగా తెలిసిన ఆ గుడ్ల వేటగాళ్లనే జీతమిచ్చి కాపలాకు పెట్టాయి. చెట్ల మీద మంచెలు కట్టి, పక్షులు పొదిగే కాలమంతా వాళ్లు అక్కడే ఉండి గూళ్లు లెక్కపెట్టేవారు. ఏటికేడు గూళ్లు పెరిగాయి. 2015లో ప్రెక్ తోల్ రామ్సార్ చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాకు ఎక్కింది.

పక్షులను చూడవచ్చిన వాళ్లకు ఊరివాళ్లే పడవ నడిపారు, భోజనం పెట్టారు, ఇంట్లో పడక ఇచ్చారు. ఓస్మోస్ అనే స్థానిక సంస్థ ఆడవాళ్లకు గుర్రపు డెక్కతో బుట్టలు, చాపలు అల్లడం నేర్పింది. సరస్సును కప్పేసే ఆ కలుపు మొక్క కాడే ఎండితే నారగా పనికొస్తుంది. మన చెరువుల్లో తీసి గట్టున పారబోసే గుర్రపు డెక్క అక్కడ కూలి తెచ్చే సరుకయింది.

టికెట్టు చేతులు మారితే

ఇన్ని మంచి మాటలు చెప్పాక చేదు నిజాలూ చెప్పాలి. ఊరుమ్మడిగా మొదలైనది ఊరుమ్మడిగా ఉండిపోతుందన్న హామీ లేదు. సరస్సు ఒడ్డున కొన్ని రేవుల్లో టికెట్ల పెత్తనం ప్రైవేటు కంపెనీల చేతికి పోయింది. సందర్శకుడు పట్నంలోనే ప్యాకేజీ డబ్బు కట్టేస్తాడు. బస్సు, గైడు, పడవ, భోజనం అన్నిటికీ అక్కడే వాటాలు పడ్డాక, తెడ్డు పట్టిన మనిషికి మిగిలేది కాస్తంతే. ఆ బాధ భరించలేక పడవ మీద పిల్లలను ముందు పెట్టి బేరం చేసే రేవులు కూడా ఉన్నాయి. చంటిపిల్లల మెడలో పామును వేసి ఫొటోకు డబ్బడగడం, బడి పేరు చెప్పి రెట్టింపు ధరకు బియ్యం బస్తా కొనిపించడం లాంటివి ఈ సరస్సు మీద చాలామంది చూసినవే. ఇలా పిల్లలు రోజుకు ఎంతో కొంత తెస్తుంటే, వాళ్లను బడికి పంపడానికి తల్లిదండ్రులకు మనసు ఒప్పదు. మన జాలి ఆ పిల్లల చదువుకు అడ్డమవుతుంది.

పర్యటకం ఒక్కదాని మీదే ఆధారపడటం ఇంకో ప్రమాదం. 2019లో 66 లక్షల మంది విదేశీయులు కంబోడియా చూస్తే, కరోనా వచ్చాక 2021లో రెండు లక్షల మంది కూడా రాలేదు. పడవలు రేవుల్లోనే కట్టేసి ఉన్నాయి. అప్పుడు వల చేతిలో ఉన్న ఇల్లు నిలబడింది. వల అమ్మేసి పెద్ద పడవ కోసం అప్పు చేసిన ఇల్లు మునిగింది. చేపకు తోడుగా పర్యటకం రావాలి గానీ చేప స్థానంలో కాదన్న పాఠాన్ని ఈ సరస్సు గట్టిగానే నేర్పింది.

సరస్సే చిక్కిపోతే

వీటన్నిటినీ మించిన భయం నీటి గురించి. ఎగువన చైనాలో, లావోస్‌లో మెకాంగ్ మీద ఆనకట్టలు వరుసగా లేచాయి. లావోస్‌లో సయబురి 2019లో, దొన్ సహోంగ్ ఆ వెంటనే కరెంటు తీయడం మొదలుపెట్టాయి. పెద్ద జలాశయాలున్న ఆనకట్టలు వానాకాలపు పొంగును ఆపి ఎండాకాలంలో వదులుతాయి. దిగువన మెకాంగ్ అడుగున ఇసుక తోడేయడంతో నది మట్టం ఇంకా కిందికి దిగింది. మెకాంగ్ ఎత్తుగా పొంగకపోతే టోన్లే సాప్ నది వెనక్కి తిరగదు. 2019, 2020 సంవత్సరాల్లో ఆ మలుపు ఆలస్యంగా, నీరసంగా వచ్చింది. సరస్సు నిండలేదు, చేప తగ్గింది. నీరు చేరని అడవి ఎండి నిప్పుకు దొరుకుతుంది. 2016 కరువులో టోన్లే సాప్ చుట్టూ మునిగే అడవులు పెద్ద ఎత్తున కాలిపోయాయి. ఊరు ఎంత గట్టిగా కాపలా కాసినా, పైనుంచి నీళ్లు రాకపోతే చేసేదేముంటుంది?

సరస్సు చిక్కిపోవడం కొల్లేటి వాళ్లకు తెలియని కష్టం కాదు. ఒకవైపు లంక గ్రామాల జాలర్లు, మరోవైపు వేల ఎకరాల చేపల చెరువులు, 1999లో అభయారణ్యం, 2002లో రామ్సార్ గుర్తింపు, 2006లో చెరువు గట్లు పేల్చిన ఆపరేషన్ కొల్లేరు. ఇన్నేళ్ల వాదులాటలో పక్షికీ జాలరికీ మధ్య పోటీ ఉన్నట్టే మాట్లాడుకున్నాం. ఆటపాక దగ్గర గూడబాతులను చూడటానికి జనం వస్తున్నారు. మారేడుమిల్లిలో వనసంరక్షణ సమితులు, కోరింగ మడ అడవుల్లో జాలరి కుటుంబాల కమిటీలు సందర్శకుల పనుల్లో భాగం పంచుకున్న అనుభవమూ మనకుంది. కొల్లేటిలో దోనె నడిపే చేతికే పక్షిని కాచే బాధ్యత, దాని ఆదాయం రెండూ అప్పజెప్పే ఆలోచన గట్టిగా చేయాల్సిన సమయమిది. ప్రెక్ తోల్ గుడ్ల వేటగాళ్లను నమ్మి పని అప్పజెబితే ఏం జరిగిందో లోకం చూసింది.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

 అంగ్‌కోర్ ఆలయాలకు మూడు రోజులు పెట్టుకునే తెలుగువాళ్లు సరస్సుకు ఒక పూట ఇవ్వొచ్చు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా కంపోంగ్ ఫ్లుక్ అడవిలో తెడ్డు పడవ తిరుగుతుంది. ఎండాకాలం వెళ్తే గుంజల ఎత్తు, రొయ్యల పని చూడొచ్చు. ప్రెక్ తోల్ పక్షులకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం.

బేరం కుదిరే ముందు ఈ డబ్బులో ఊరికి ఎంత పోతుందో, పడవ ఎవరిదో అడగండి. సూటిగా జవాబు చెప్పేవాళ్లతోనే వెళ్లండి. భోజనం ఊళ్లోనే చేయండి, ఎండు రొయ్యలు, గుర్రపు డెక్క బుట్ట అల్లినవాళ్ల దగ్గరే కొనండి. ఇంటి గడపలోకి కెమెరా పెట్టే ముందు అడగండి. ఆ గడప లోపల ఒక కుటుంబం అన్నం తింటుంటుంది, అది ప్రదర్శన కాదు. పిల్లల చేతిలో డబ్బు పెట్టకండి. బడికి ఇవ్వాలనిపిస్తే బడి పెద్దలకే ఇవ్వండి. ప్లాస్టిక్ సీసా సరస్సులో వదలకండి.

కంపోంగ్ ఫ్లుక్ లాంటి ఊరు నిలబడాలంటే మూడు కావాలి. అడవి మీద ఊరికి హక్కు ఉండాలి, టికెట్టు డబ్బుకు ఊరి ముందు లెక్క ఉండాలి, సరస్సులోకి నీళ్లు రావాలి. మొదటిది ఆ జాలర్లు దశాబ్దాలు పట్టుబట్టి సాధించుకున్నారు. రెండోది నిలబెట్టుకోవడానికి ప్రశ్న అడిగే సందర్శకుడు వాళ్లకు తోడు కావాలి, అది మనం చేయగలిగిన పని. మూడోది ఏ ఊరి చేతిలోనూ లేదు. 1995 నుంచి మెకాంగ్ నదీ సంఘంలో కూర్చుంటున్న దిగువ దేశాలు, ఆ సంఘంలో సభ్యత్వం తీసుకోని చైనా కలిసి, నది పొంగడం కూడా పంపకాల్లో ఒక వాటాయేనని ఒప్పుకోవాలి. అది ఒప్పుకోనంత కాలం ఊరివాళ్లు కాచిన అడవికి భద్రత సగమే.